చదువు గడువు ఎవరు నిర్ణయించాలి?

ఈమధ్య ఒక ఆదివారం దివ్యపూజ ముగిసి జనమంతా ఇళ్లకు వెళ్లిపోయినా, జడ్చర్లలోని మన గుడి వసారాలో ఒక జంట మాత్రం నిలబడి ఉంది. భర్త చేతిలో ఫోను, భార్య చేతిలో జపమాల. వారి కుమారుడు అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నాడు. మొత్తం 12 సబ్జెక్టులు. సెమిస్టరుకు నాలుగేసి చదివితే మూడు సెమిస్టర్లలో, అంటే సుమారు 16 నెలల్లో, పట్టా చేతికి వస్తుంది. మూడేసి చదివితే నాలుగు సెమిస్టర్లు, అంటే సుమారు 21 నెలలు. మొదటి సెమిస్టరులో నాలుగు చదివిన కుమారుడు, ఇక మీదట నెమ్మదిగా వెళతానని ఇంటికి కబురు చేశాడు.

"మూడు సెమిస్టర్లల్ల అయిపోయేదానికి నాలుగెందుకు ఫాదర్? వాని దోస్తులంత డిసెంబర్ల బయటపడుతున్నరు. వీనికేం రోగం?" అన్నాడు తండ్రి.

తల్లి అడిగిన ప్రశ్న వేరు. "వాడు ఆలస్యం చేస్తే తప్పా ఫాదర్? లేక మేం తొందర పెడితే తప్పా?"

ఈ ప్రశ్న విన్నప్పటి నుండి నా మనసులో అదే తిరుగుతోంది. వారి అనుమతితోనే, వారిని గుర్తుపట్టగల వివరాలు మార్చి, దీనిని మీ ముందు ఉంచుతున్నాను. ఇది ఆ ఒక్క ఇంటి సమస్య కాదు గనుక.

అమెరికా దాకా పోనక్కరలేదు. 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చింది. దానికి ఒక ఏడాది ముందు నల్గొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం వచ్చింది. మన ప్రాంతపు పిల్లలకు పి.జి. అనే మాట అప్పటి నుండి ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చింది. పి.జి. అంటే రెండేళ్లు అన్నది మనకు అలవాటైన లెక్క. 2024 జూన్‌లో యు.జి.సి. విడుదల చేసిన పి.జి. పాఠ్యప్రణాళిక చట్రం ప్రకారం, నాలుగేళ్ల డిగ్రీ చదివినవారికి ఒక ఏడాది పి.జి. సరిపోతుంది. మూడేళ్ల డిగ్రీ చదివినవారికి రెండేళ్లు. అదే ఏడాది నవంబరులో, డిగ్రీని గడువుకన్నా ముందే ముగించే వీలును, అవసరమైతే గడువు పెంచుకునే వీలును, రెండింటినీ విద్యార్థులకు ఇవ్వాలని కూడా యు.జి.సి. ప్రకటించింది. అటు ఇంగ్లాండులో మాస్టర్స్ చదువు ఎక్కువగా ఒక్క ఏడాదే. ఆ ఏడాది పట్టాను మన దేశం గుర్తించేందుకు 2022 జూలైలో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. మూడు, రెండు కలిపితే ఐదు. నాలుగు, ఒకటి కలిపినా ఐదే. "ఒక ఏడాదిలో పి.జి." అనే మాట వినగానే ఒక సంవత్సరం మిగిలిందని మనం సంతోషిస్తాం. కాని ఆ సంవత్సరం ఎక్కడికీ పోలేదు. డిగ్రీలోకి జరిగింది, అంతే. కాబట్టి "ఎంత త్వరగా?" అని అడిగే ముందు "ఏది తగ్గింది?" అని అడగడం నేర్చుకోవాలి. నేను ఈ రోజు చెప్పదలచిన మాట ఇదే. చదువులో వేచి ఉండే కాలం ఒకటి, నేర్చుకునే కాలం ఒకటి. మొదటిదాన్ని తగ్గించుకుంటే లాభం. రెండోదాన్ని తగ్గించుకుంటే, పట్టా ముందుగా వచ్చినా చదువు రాలేదన్నమాటే.

ఈ తేడా మన రైతులకు బాగా తెలుసు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధనల నుండి రెండు కంది రకాలు వచ్చాయి. 1986లో విడుదలైన "ప్రగతి" సుమారు నాలుగు నెలల పంట. 1993లో విడుదలైన "ఆశ" సుమారు ఆరు నెలల పంట. ఏది మంచిది అని ఏ రైతునైనా అడగండి. "నీ నేల ఏంది? చెల్కనా, రేగడా?" అని ఎదురు అడుగుతాడు. చెల్కలో తడి త్వరగా ఆరిపోతుంది. అక్కడ దీర్ఘకాలపు పంట వేస్తే కాయ పట్టే వేళకు నేల ఎండిపోతుంది. నల్లరేగడి తడిని పట్టి ఉంచుతుంది. అక్కడ పంట నిదానంగా పండినా దిగుబడి నిండుగా ఉంటుంది. పక్కచేను వాడు కోత కోశాడని తన పచ్చికాయ కోసే రైతును నేను ఎక్కడా చూడలేదు. పిల్లల చదువు విషయంలో మాత్రం ఆ పని చేసే తల్లిదండ్రులను చాలామందిని చూశాను.

శ్రీసభ చరిత్రలో ఇద్దరు మాస్టర్ల కథ ఇక్కడ గుర్తుచేసుకుందాం. "మాస్టర్" అనే పట్టా ఐరోపాలోని పాత విశ్వవిద్యాలయాల నుండే మనకు వచ్చింది.

పారిస్ విశ్వవిద్యాలయంలో 1215 నాటి నియమం ప్రకారం వేదశాస్త్రం బోధించే మాస్టరుకు కనీసం 35 ఏళ్లు ఉండాలి. పునీత అక్వినా తోమాసువారికి 1256లో ఆ పట్టం దక్కింది. అప్పటికి వారికి దాదాపు 31 ఏళ్లే. అంటే నాలుగేళ్లు ముందుగా. అయితే అంతకుముందు ఏం జరిగిందో చూడండి. 1245 నుండి పారిస్‌లో, 1248 నుండి నాలుగేళ్లు కొలోన్‌లో, మహా ఆల్బర్టువారి పాదాల చెంత చదివారు. తక్కువ మాట్లాడే ఆయనను తోటి విద్యార్థులు "మూగ ఎద్దు" అని వెక్కిరించేవారని చెబుతారు. తర్వాత పారిస్‌కు తిరిగివచ్చి నాలుగేళ్లు కింది స్థాయి బోధకుడిగా పనిచేశారు. వయసు నియమాన్ని మాత్రమే ఆయనకు సడలించారు. చదువును ఎవరూ తగ్గించలేదు. తగ్గినది వేచి ఉండే కాలం.

రెండో కథ పునీత లొయోలా ఇన్యాసివారిది. యుద్ధంలో గాయపడి మనసు మారిన ఈ సైనికుడు ముప్ఫై దాటాక చదువు మొదలుపెట్టారు. బార్సిలోనాలో చిన్న పిల్లల మధ్య కూర్చుని లాటిను నేర్చుకున్నారు. ఆత్మల సేవకు త్వరగా సిద్ధం కావాలన్న తపనతో 1526లో అల్కలాకు వెళ్లి తర్కం, ప్రకృతిశాస్త్రం, వేదశాస్త్రం అన్నీ ఒకేసారి చదవబోయారు. ఒక్కటీ ఒంటబట్టలేదు. 1528లో పారిస్ చేరినప్పుడు, తొందరపడి చదివినందువల్ల తనకు పునాది లేదని ఆయనే గ్రహించారు. 37 ఏళ్ల వయసులో మళ్లీ పిల్లల వరుసలో కూర్చుని లాటిను మొదటి నుండి ప్రారంభించారు. ఆ తర్వాత మెట్టు తర్వాత మెట్టు ఎక్కి 1535లో మాస్టర్ పట్టా పొందారు.

ఆయన కథలో డబ్బు ఇబ్బంది కూడా ఉంది. పారిస్‌లో ఆయన దాచమని ఇచ్చిన సొమ్మును ఒక సహచరుడు ఖర్చు చేసేశాడు. తిండికి భిక్షమెత్తాల్సి వచ్చింది. కళాశాలకు దూరంగా పేదల సత్రంలో ఉన్నందున పాఠాలు పోయేవి. చివరికి ఏటా సెలవుల్లో ఫ్లాండర్స్‌కు వెళ్లి, అక్కడి స్పెయిన్ వర్తకుల నుండి ఏడాదికి సరిపడా సాయం తెచ్చుకునే ఏర్పాటు చేసుకున్నారు. గమనించండి. డబ్బు చాలనప్పుడు ఆయన చదువును కుదించుకోలేదు, డబ్బు ఏర్పాటును సరిచేసుకున్నారు. ఆ పారిస్ చదువులోనే ఆయనకు ఒకే గదిలో దొరికిన స్నేహితుడు, 1542లో మన దేశానికి వచ్చిన పునీత ఫ్రాన్సిస్ శౌరివారు. పట్టాతో లెక్కకు రాని లాభాలు ఇలాంటివి.

కనుక త్వరగా ముగించడం పాపం కాదు. ఆలస్యంగా ముగించడం పుణ్యమూ కాదు. సెమినరీలో మేము తత్వశాస్త్రం చదివేటప్పుడు వివేకం అనే సుగుణం గురించి అక్వినా తోమాసువారి బోధ నేర్చుకున్నాం. వివేకానికి విరుద్ధమైన దోషాలలో తొందరపాటు ఒకటని ఆయన చెబుతారు. మిద్దె మీద నుండి మెట్ల మీదుగా దిగేవాడికీ, మెట్లు వదిలి దూకేవాడికీ ఉన్న తేడా అది. జ్ఞాపకం, అవగాహన, పెద్దల మాట వినడం వంటివి ఆ మెట్లు. అయితే అక్కడితో ఆగిపోరు. అశ్రద్ధ కూడా వివేకానికి విరుద్ధమైన దోషమేనని చెబుతారు. చేయవలసినది తెలిసి కూడా కదలనివాడు, దూకినవాడికన్నా వివేకవంతుడు కాడు. ఆయన గురువుగా భావించిన అరిస్టాటిల్ బోధను మన మాటల్లో చెప్పాలంటే, ఆలోచన నిదానంగా, ఆచరణ చురుకుగా ఉండాలి. మనం తరచుగా దీనిని తలకిందులు చేస్తాం. ఒక్క రాత్రిలో నిర్ణయం చేసి, ఏళ్ల తరబడి దాన్ని ఈడుస్తాం.

ఇప్పుడు మన జంట దగ్గరికి తిరిగి వద్దాం.

ఆ తండ్రి మీద నాకు మొదట కొంచెం కోపం వచ్చిన మాట నిజం. కాగితం తీసి లెక్క వేశాక ఆ కోపం తగ్గింది. బ్యాంకు అప్పు 30 లక్షలు. 11 శాతం వడ్డీ అంటే నెలకు 27,500 రూపాయలు. విద్యారుణాలకు చదువుకాలం, ఆపైన ఒక ఏడాది దాకా కిస్తీలు కట్టనక్కరలేదు గాని, వడ్డీ మాత్రం మొదటి రోజు నుండే నడుస్తుంది. అది కాక విమానం టిక్కెట్టుకు, మొదటి ఖర్చులకు ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చినవి ఆరు లక్షలు. దానికి నెలకు 12,000. ఈ రెండో అప్పు సంగతి కుమారుడికి తెలియదు. అక్కడ కుమారుడి బస, తిండి నెలకు వెయ్యి డాలర్లు, అంటే సుమారు తొంభై వేలు అనుకుందాం. ఐదు నెలలు ఎక్కువ ఉంటే అన్నీ కలిపి దాదాపు ఆరున్నర లక్షలు అవుతుంది. సబ్జెక్టు లెక్కన ఫీజు తీసుకునే చోట ఫీజు రెండు దారుల్లోనూ ఇంచుమించు ఒకటే. అయినా ఆరున్నర లక్షలు ఒక రైతుకు చిన్న మొత్తం కాదు. ఆయన తొందర పేరాశ కాదు. ప్రతి నెలా మొదటి వారంలో గుమ్మం ముందు ఆగే మోటారు సైకిలు చప్పుడు అది.

తొందరకు ఇంకొక కారణం కూడా చెప్పాడు. డిసెంబరులో పట్టా చేతికి వస్తే, మరుసటి మార్చిలో జరిగే హెచ్-1బి ఎంపికలో అక్కడి మాస్టర్స్ చదివినవారికి కేటాయించిన 20,000 వీసాల కోటాలో పేరు వేయించుకోవచ్చు. మేలో పట్టా అయితే ఆ కోటా కోసం మరో ఏడాది ఆగాల్సి రావచ్చు. ఇది నిజమే, తేలికగా తీసివేయరాదు. కాని ఆ వీసాల నియమాలు మన చేతిలో లేవు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటన ఒక్క రాత్రిలో వచ్చింది. ఇంగ్లాండు ప్రభుత్వం కూడా చదువు తర్వాత అక్కడ ఉండే రెండేళ్ల గడువును 18 నెలలకు తగ్గించనున్నట్లు 2025 మేలో తెలిపింది. మారిపోయే నియమాన్ని లెక్కలో ఒక అంకెగా చేర్చుకోవచ్చు. దాని మీద ఇల్లు కట్టకూడదు.

ఆ సాయంత్రం కుమారుడితో ఫోనులో మాట్లాడాను. "ఎందుకు నాలుగు సెమిస్టర్లు?" అని అడిగాను. మొదట లోతుగా చదవాలని ఉందన్నాడు. మళ్లీ అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నాలుగు సబ్జెక్టుల పని నేను చేయలేదు ఫాదర్. రెండు చేసిన. మిగతా రెండూ కంప్యూటర్‌తోని చేయించి పంపిన. మార్కులు మంచిగనే వచ్చినయి. కాని ఇంటర్వ్యూల అడిగితే నాకు ఏం రాదు."

ప్రియ పాఠకులారా, ఆ ఫోను పెట్టేశాక నేను చాలాసేపు కదలలేకపోయాను. ఆ యువకుడు దుర్మార్గుడు కాడు. పాలమూరు నుండి బొంబాయి బస్సులెక్కి మట్టి పనికి పోయిన తాతల మనవడు. వారి చెమట మీద నిలబడి చదువుతున్నానని తెలిసినవాడు. అయినా మోయలేని వేగం అతడిని అబద్ధంలోకి నెట్టింది. తొందర అసలు ప్రమాదం నిద్ర చెడటం కాదు. పని పూర్తయినట్లు కనబడితే చాలుననే అలవాటు. ఆ అలవాటుతో కట్టిన వంతెన ఎలా ఉంటుంది? ఆ అలవాటుతో ఇచ్చిన మందు ఎలా ఉంటుంది? మన పోలేపల్లి మందుల కర్మాగారాల్లో పనిచేసే పిల్లలను అడగండి. చేయని పరీక్షకు చేసినట్లు సంతకం పెడితే ఏమవుతుందో చెబుతారు.

కుమారుడు తన తప్పు దాచాడు. తండ్రి తన అప్పు దాచాడు. ఒకరి తొందర, మరొకరి ఆలస్యం రెండింటి కిందా భయమే ఉంది. తల్లి అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇది. ఆలస్యం తప్పు కాదు, తొందర తప్పు కాదు. ఇద్దరూ ఒకరికొకరు నిజం చెప్పకుండా గడువు గురించి వాదించుకోవడం తప్పు.

మరి నిర్ణయం ఎవరిది? చదివేవాడిదే. ఎందుకంటే చదువు వేరొకరు చదివిపెట్టగలిగేది కాదు. అయితే ఇతరుల సొమ్ముతో, ఇతరుల కంటినీటితో చదివేవాడు ఆ కాలానికి లెక్క చెప్పాలి. అది దయ కాదు, న్యాయం. "ఇంకా ఐదు నెలలు కావాలి" అంటే చాలదు. ఆ ఐదు నెలల్లో ఏం చేస్తాడో చెప్పాలి. అలాగే సొమ్ము పెట్టిన తల్లిదండ్రులకు లెక్క అడిగే హక్కుంది గాని, పక్కింటి పిల్లవాడిని కొలబద్దగా పెట్టే హక్కు లేదు.

ఇన్యాసివారు తమ ఆత్మసాధనల గ్రంథంలో నిర్ణయం చేసుకునే పద్ధతి ఒకటి నేర్పారు. ఇంట్లో ఎవరైనా చేయవచ్చు. ముందు మనసును త్రాసు ముల్లులా నడిమధ్యన నిలపాలి. ఏ పక్కకైనా మొగ్గడానికి సిద్ధంగా ఉండాలి. తర్వాత ఒక దారిలోని లాభాలు, నష్టాలు, రెండో దారిలోని లాభాలు, నష్టాలు విడివిడిగా పరిశీలించాలి. మనం కాగితం మీద నాలుగు వరుసలు గీసుకుందాం. రెండు వరుసలతో సరిపెట్టుకోవద్దు. ఒక దారి లాభమే రెండో దారి నష్టం అనుకుంటాం గాని, విడిగా రాస్తే కొత్త సంగతులు బయటపడతాయి. ఇంకా తేలకపోతే, ముఖపరిచయం లేని వ్యక్తి ఎవరో వచ్చి ఇదే సలహా అడిగితే ఏం చెబుతామో ఆలోచించాలి. ఇతరులకు మనం చెప్పే సలహాలో మన భయం ఉండదు గనుక అది తరచుగా సరైనదై ఉంటుంది.

ఆ కుటుంబం ఫోనులోనే కూర్చుని ఆ నాలుగు వరుసలు రాసింది. రెండో అప్పు సంగతి కుమారుడు ఆ రోజే మొదటిసారి విన్నాడు. కంప్యూటరు సంగతి తండ్రి ఆ రోజే విన్నాడు. అరుపులు లేకపోలేదు. తల్లి ఏడ్చింది. చివరికి వారు చేసుకున్న ఏర్పాటు ఇది. కుమారుడు నాలుగు సెమిస్టర్లే చదువుతాడు. తాను చదవకుండా దాటేసిన రెండు సబ్జెక్టులను వేసవిలో మొదటి పేజీ నుండి మళ్లీ చదువుకుంటాడు. అక్కడి నియమాల ప్రకారం తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పని చేయవచ్చు. దొరికితే ఆ పని చేసి తన తిండి ఖర్చు తాను చూసుకుంటాడు. తండ్రి రోడ్డు వైపున్న పది గుంటలు అమ్మి మిత్తి అప్పు తీర్చాడు. ఆ పది గుంటలు ఆయన తండ్రి బావి తవ్వించిన చోటు. అది తేలికైన పని కాదు. అది తేలిక అని మీకు చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇంకో ఇంట్లో ఇదే లెక్క వేస్తే జవాబు మూడు సెమిస్టర్లే కావచ్చు. చదువు ఒంటబట్టి, కేవలం క్యాలెండరు పేజీ తిరగడం కోసం ఆగి ఉన్న పిల్లను ఇంకో ఐదు నెలలు అప్పులో ఉంచడం వివేకం కాదు. అలాంటి పిల్లను దీవించి ముందుకు పంపండి.

ఈ వారం మీ ఇంట్లో చదివే బిడ్డ ఉంటే, ఎప్పుడు అయిపోతుంది అని అడిగే ముందు ఇంకొకటి అడగండి. "ఈ నెలలో ఏం నేర్చుకున్నవు బిడ్డా? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు" అనండి. చెప్పగలిగితే గడువు గురించి భయపడకండి. చెప్పలేక తల దించుకుంటే కోపగించుకోకండి. దగ్గర కూర్చోబెట్టుకోండి. మీ అప్పు ఎంతో మీరూ చెప్పండి. ఆ తర్వాత గడువు నిర్ణయించుకోవడం అంత కష్టం కాదు.